పక్క ఫ్లాటువాళ్ళకు మనం చెప్పని సంగతి

హైదరాబాదులో దేవుడి గురించి మాట్లాడడానికి ఎవరూ మొహమాటపడరు. తిరుపతి వెళ్ళొచ్చిన మేనేజరుగారు సోమవారం పొద్దున్నే లడ్డూ ముక్కలు చేసి ప్రతి టేబులు దగ్గరికీ తెచ్చిస్తారు. దర్శనానికి ఎన్ని గంటలు పట్టిందో, ఆ గడప ముందు నిలబడ్డ కొద్ది క్షణాల్లో ఒళ్ళు ఎలా జలదరించిందో చెప్తారు. కార్తీకం వచ్చేసరికి నల్లబట్టల్లో, చెప్పుల్లేని కాళ్ళతో అయ్యప్ప దీక్ష తీసుకున్న కుర్రాళ్ళు మెట్రో దిగి ఆఫీసుకొస్తారు. ఆ నలభై ఒక్క రోజులూ వాళ్ళను పేరు పెట్టి పిలవం, అందరం ‘స్వామీ’ అనే అంటాం. రంజాను నెలలో రోజా ఉన్న స్నేహితుడు సాయంత్రం ఖర్జూరం చేతిలో పెట్టి ఇఫ్తారుకు కూర్చోమంటాడు. చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటే వీసా వచ్చిందనీ, మళ్ళీ వెళ్ళి 108 చేసి మొక్కు తీర్చుకున్నాననీ టీ తాగుతూ చెప్పుకునేవాళ్ళు ఎంతమందో. ఆషాఢంలో బోనాలకు సెలవు పెట్టిన అమ్మాయి ఎందుకు సెలవో దాచిపెట్టదు.

అదే టేబులు దగ్గర కూర్చున్న క్రైస్తవుణ్ణి “నిన్న ఆదివారం ఏం చేశావ్?” అని అడగండి. “ఏం లేదు, ఇంట్లోనే” అంటాడు.

నిన్న పొద్దున తొమ్మిదింటికల్లా చర్చిలో ఉన్నాడు. రెండు గంటలు పాటలు పాడాడు, వాక్యం విన్నాడు, ప్రభువు బల్లలో పాలుపంచుకున్నాడు. వారమంతా మనసులో పెట్టుకుని తిరిగిన బాధను మోకాళ్ళ మీద దేవుడికి చెప్పుకున్నాడు. లేచేటప్పుడు ఎంతో కొంత తేలికపడి లేచాడు. ఇంతా జరిగాక, అడిగిన స్నేహితుడికి ‘ఏం లేదు’ అని చెప్పాడు. ఆ అన్న కోసం, ఆ చెల్లి కోసం ఇది రాస్తున్నాను. మనం తార్నాకలోనో మియాపూర్‌లోనో ఒకే అపార్ట్‌మెంటులో ఉండి కూడా, డిసెంబరులో బాల్కనీకి స్టారు కట్టేదాకా ఒకరికొకరం విశ్వాసులమని తెలియకుండా ఉన్నాం. మనకే తెలియనిది మన పొరుగువాళ్ళకేం తెలుస్తుంది?

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. సువార్త చెప్పే పని మనం మైకుకు, వేదికకు, యూట్యూబుకు, టీవీలో తెల్లబట్టలు వేసుకున్న బోధకుడికి అప్పగించేశాం. దాన్ని మళ్ళీ మన చేతుల్లోకి తీసుకోవాలి. ఒక మనిషి తనను పేరుతో ఎరిగిన ఇంకో మనిషికి తన జీవితంలో జరిగింది చెప్పడమే సువార్త మొదటినుంచీ నడిచిన దారి. యేసును కలిసిన అంద్రెయ తన సోదరుడు సీమోనును వెతుక్కుంటూ వెళ్ళాడు. ఫిలిప్పు తన స్నేహితుడు నతనయేలుతో వాదన పెట్టుకోలేదు, ‘వచ్చి చూడు’ అన్నాడు. బావి దగ్గర యేసుతో మాట్లాడిన సమరయ స్త్రీ కుండ అక్కడే వదిలేసి ఊళ్ళోకి పరుగెత్తింది. వీళ్ళెవరూ ప్రసంగాలు నేర్చుకున్నవాళ్ళు కారు. యేసు చూపు ఇచ్చిన ఆ పుట్టుగుడ్డివాడి దగ్గర పరిసయ్యులనే మతపెద్దల ప్రశ్నలకు జవాబు లేదు. నిన్నటిదాకా కనపడేది కాదు, ఇప్పుడు కనపడుతోంది, నాకు తెలిసింది ఇంతే అన్నాడు. దానికి ఎదురు చెప్పలేక వాళ్ళు అతణ్ణి బయటికి తోసేశారు.

మన తెలుగునేల మీద జరిగింది కూడా ఇదే, కానీ మనం ఆ కథను మరోలా గుర్తుపెట్టుకున్నాం. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని సండే స్కూల్లోనే విన్నాం. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ క్లౌ దొర పేరు అందరికీ గుర్తుంది. ఆ రోజు నదిలో నిలబడి బాప్తిస్మాలిచ్చింది తెలుగు బోధకులేనన్నది చాలామందికి గుర్తులేదు. అంతకంటే ముందు, 1866లో, ఒంగోలు ప్రాంతంలో తోళ్ళ వ్యాపారం చేసుకునే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ మనిషి విశ్వాసంలోకి వచ్చాడు. తోళ్ళు కొనడానికీ అమ్మడానికీ ఊరూరా తిరిగే మనిషి. ఏ ఊరికి వెళ్ళినా తనవాళ్ళ గడపలో కూర్చుని ఈ సంగతి చెప్పాడు. ఆయన తిరిగిన బాటల వెంటే సంఘాలు పుట్టాయి. క్లౌ ఆ ప్రాంతానికి కొత్తగా వచ్చేనాటికే ఆ పల్లెల్లో జనం వినడానికి సిద్ధంగా ఉన్నారు. పేరయ్య చేతిలో మైకు లేదు, తల మీద తోళ్ళ మూట ఉంది.

హైదరాబాదువాళ్ళం కాబట్టి భక్త సింగ్ గారి గురించి చెప్పుకోకుండా ఉండలేం. గోల్కొండ చౌరస్తాలోని ఆయన ప్రార్థనామందిరం హెబ్రోనులో ఆరాధన, ఆ తర్వాత అందరూ వరుసగా కింద కూర్చుని తినే ప్రేమ విందు చూడనివాళ్ళు పాత ముషీరాబాదులో తక్కువ. 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, 2000 సెప్టెంబరు 17న ఇదే నగరంలో కన్నుమూశారు. ఆయన సభలకు వేలమంది వచ్చేవారు. ఆయన దగ్గరికి మాత్రం సువార్త సభలో రాలేదు. ఇంజనీరింగ్ చదువు కోసం ఇంగ్లండుకు, అక్కణ్ణుంచి కెనడాకు వెళ్ళిన యువకుడు 1929లో విన్నిపెగ్‌లో ఒక స్నేహితుణ్ణి బైబిలు అడిగితే, అతను తన జేబులోని కొత్త నిబంధన తీసి చేతిలో పెట్టాడు. ఆ స్నేహితుడు ఎన్ని ప్రసంగాలు చేశాడో ఎవరూ రాసిపెట్టలేదు. అడిగిన రోజున అతని జేబులో పుస్తకం ఉంది. మన ఆఫీసులో అలా అడగగల మనిషి ఒకరుంటే, అడగడానికి మనం క్రైస్తవులమన్న సంగతి ముందు వాళ్ళకు తెలియాలి కదా.

ఇక మన మౌనానికి మనం చెప్పుకునే కారణాలు. మొదటిది అందరి నోటా వినిపించేది: “మన జీవితమే సాక్ష్యం, నోటితో చెప్పాల్సిన పనిలేదు.” ఈ మాట నాకు చాలాకాలం నచ్చింది, సగం నిజం ఉంది కాబట్టి. లంచం తీసుకోని గుమాస్తాను, అత్తగారికి ఏళ్ళ తరబడి మంచంలోనే సేవచేసిన కోడల్ని జనం గమనిస్తారు. గమనించి ఏమనుకుంటారు? ‘మంచి పెంపకం’ అనుకుంటారు, ‘ఆమె సహజంగానే శాంతమూర్తి’ అనుకుంటారు. ఆమెకు ఆ ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఏ రాత్రి ఎవరి పాదాల దగ్గర ఏడ్చి తెచ్చుకుందో ఆమె చెప్తేనే తెలుస్తుంది. మన మంచితనం ఘనత మన ఖాతాలోనే పడిపోతుంటే చూస్తూ ఊరుకోవడం వినయం ఎలా అవుతుంది? పేతురు రాసిన మాట జాగ్రత్తగా చదవండి. మీలో ఉన్న నిరీక్షణ, అంటే ఆశ, గురించి అడిగేవాళ్ళకు జవాబు చెప్పడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండమన్నాడు. అంటే జీవితాన్ని చూసి జనం అడుగుతారు, అడిగినప్పుడు నోరు తెరవాలి. రెండూ ఉన్నాయి ఆ మాటలో. ‘సాత్వికముతోను భయముతోను’ చెప్పమన్నది కూడా అక్కడే ఉంది, దాని సంగతికి తర్వాత వస్తాను.

రెండో కారణం భయం. పేపరు తెరిస్తే ఎక్కడో ప్రార్థన ఆపేశారన్న వార్త, ఫోను తెరిస్తే మతమార్పిడి అంటూ గొడవ. ఈ భయాన్ని తీసిపారేయను. కానీ మనకున్న హక్కు ఏమిటో కూడా తెలియకుండా భయపడుతున్నవాళ్ళే ఎక్కువ. రాజ్యాంగం 25వ అధికరణం ప్రతి మనిషికీ తన మతాన్ని నమ్మడానికి, ఆచరించడానికి, ప్రచారం చేసుకోవడానికి స్వేచ్ఛ ఇచ్చింది, ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి భంగం రానంతవరకు. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో ‘ప్రచారం’ అన్నది ఉండకూడదని కొందరు గట్టిగా వాదించారు. ఉండాలని నిలబడినవాళ్ళలో కె.ఎం. మున్షీ, టి.టి. కృష్ణమాచారి ఉన్నారు. ఇద్దరూ క్రైస్తవులు కారు. మన తరఫున మాట్లాడి ఆ స్వేచ్ఛను నిలబెట్టిన పెద్దలను తలుచుకుంటే, దాన్ని వాడుకోవడానికి కూడా జంకడం నాకు బాధగా ఉంటుంది.

1977లో సుప్రీంకోర్టు స్టానిస్లాస్ కేసులో ఒక గీత గీసింది. నీ మతసిద్ధాంతాలను వివరించి చెప్పుకునే హక్కు నీకుంది, ఎదుటివాణ్ణి మార్చే హక్కు లేదు అంది. చాలామంది మనవాళ్ళు ఈ తీర్పును ఒక దెబ్బగా చూస్తారు. న్యాయవాదులు దాన్ని ఎలా విమర్శిస్తారన్నది పక్కన పెట్టి, విశ్వాసిగా ఆలోచిస్తే నాకు అందులో దిగులు పడాల్సింది ఎక్కువ కనిపించదు. మనిషి హృదయాన్ని మార్చడం ఎప్పుడూ మన పని కాలేదు. అది పరిశుద్ధాత్మ పని అని మనమే నమ్ముతాం. మనకు అప్పగించింది చెప్పడం. విన్నవాడు తల ఊపినా, లేచి వెళ్ళిపోయినా, పదేళ్ళ తర్వాత గుర్తుచేసుకున్నా అది అతనికీ దేవుడికీ మధ్య విషయం. ఇది నిజంగా నమ్మితే నెత్తి మీద బరువు చాలా తగ్గుతుంది. ఎంతమందిని ‘తెచ్చారు’ అని లెక్క అడిగే సంఘాల్లో ఉన్నవాళ్ళకు ఇది మరీ చెప్పాలనిపిస్తుంది.

మూడో కారణం ఎవరూ పైకి చెప్పరు. ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను, రాయకపోతే ఈ వ్యాసమే అబద్ధమవుతుంది. మన నగరంలో చదువుకున్నవాళ్ళ మధ్య “నేను క్రిస్టియన్” అని చెప్పగానే ఎదుటివాళ్ళ కళ్ళలో ఇంకో ప్రశ్న మెదులుతుంది. ‘అయితే ఏ కులం?’ ఇల్లు అద్దెకు అడిగినప్పుడు, పెళ్ళిచూపుల్లో, కొత్త ఉద్యోగంలో మొదటివారం, ఆ ప్రశ్న మాట రూపంలో రాకపోయినా చూపులో వస్తుంది. అందుకే బైబిలు బ్యాగులో అడుగున పెడతాం, పిల్లలకు దావీదు, రూతు అని కాకుండా ఏ మతానికైనా సరిపోయే పేర్లు పెడతాం, గొలుసుకున్న సిలువను జాకెట్టు లోపలికి తోస్తాం. మన మౌనంలో పెద్ద భాగం ఇదే. పొరుగువాడి మతం మీద గౌరవం కంటే, మన పుట్టుక బయటపడుతుందేమోనన్న బెరుకు ఎక్కువ.

ఈ బెరుకు మనం కావాలని తెచ్చుకున్నది కాదు, తరాల తరబడి మన మీద రుద్దింది. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఈ సువార్త తెలుగు ఇళ్ళకు వచ్చిన దారి పేరయ్య లాంటివాళ్ళ దారి. దోర్నకల్ డయోసిస్, అంటే అక్కడి బిషప్పు కింద ఉన్న సంఘాల, చరిత్ర మన తెలంగాణ చరిత్రే. 1909లో తిరునెల్వేలి నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్న తమిళుడు వి.ఎస్. అజరయ్య 1912లో అక్కడ బిషప్పు అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానానికి వచ్చిన మొదటి భారతీయుడు. ఆయన సంఘాల్లో ఎక్కువమంది మాలలు, మాదిగలు. 1920లు, 30ల్లో ఆ ఊళ్ళలోని శూద్ర కులాల కుటుంబాలు కూడా సంఘంలోకి రావడం మొదలైంది. ఎందుకొచ్చారని అడిగినవాళ్ళకు వాళ్ళు చెప్పింది, మా పొలాల్లో పనిచేసే ఈ జనంలో వచ్చిన మార్పు చూసి వచ్చాం అని. ఊరి చివర కూర్చోబెట్టినవాళ్ళ దగ్గరికి ఊరి నడుమ ఉన్నవాళ్ళు నేర్చుకోవడానికి వచ్చారు. మన తాతల పుట్టుక గురించి తల దించుకోవడానికి ఇందులో ఏముంది? నాకైతే ఇంతకంటే గొప్ప వంశచరిత్ర కనిపించదు.

అజరయ్య గారి గురించి ఇంకొక సంగతి. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ళచేత తమ చెయ్యి తమ తలమీదే పెట్టించి, ‘నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, నేను సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ’ అని పలికించేవారు. చదవడం రానివాళ్ళు, పగలంతా దొర పొలంలో నాట్లు వేసొచ్చినవాళ్ళు, సొంత నోటితో ఆ మాట అన్నారు. మనం డిగ్రీలు చదివి, నాలుగు రకాల బైబిళ్ళు ఫోనులో పెట్టుకుని, అది పాస్టరుగారి పని అంటున్నాం.

కులం గురించి మాట్లాడి సర్టిఫికెట్టు గురించి మాట్లాడకుండా దాటేయలేను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులే షెడ్యూల్డు కులాలు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రెండు రాష్ట్రాల్లో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళను బీసీ-సిలో పెట్టారు. ఊళ్ళో అవమానం ఏమీ తగ్గదు, కాగితం మీద హక్కు మాత్రం పోతుంది. కాబట్టి పిల్లవాడి ఇంజనీరింగ్ సీటు కోసమో, ఉద్యోగం కోసమో నోరు మూసుకున్న కుటుంబాలను ఎవరూ తేలిగ్గా తీర్పు తీర్చకూడదు. ఆ ధర ఎన్నడూ చెల్లించాల్సిన అవసరం రానివాళ్ళు అసలే తీర్చకూడదు. అలాంటి కుటుంబాల్లో రాత్రిళ్ళు నలిగే మనస్సాక్షిని నేను దగ్గరగా చూశాను. వాళ్ళ కోసం ఆ ఉత్తర్వు మార్చాలని పోరాడడం మిగిలిన సంఘం బాధ్యత. నేను ఇక్కడ అడుగుతున్నది మిగిలినవాళ్ళను. కాగితం మీద ఏ నష్టమూ లేనివాళ్ళం, గచ్చిబౌలిలో మంచి జీతం ఉన్నవాళ్ళం, చర్చి కమిటీల్లో ముందు వరుసలో కూర్చునేవాళ్ళం మనమెందుకు మాట్లాడం?

మన నగరంలో ఈ పని చేస్తున్నవాళ్ళు లేరని కాదు. ఇళ్ళల్లో పనిచేసే అక్కలను గమనించండి. మా అపార్ట్‌మెంటులో నాలుగిళ్ళల్లో అంట్లు తోమే అక్క, యజమానురాలి కూతురికి జ్వరమొస్తే చీపురు పక్కన పెట్టి “అమ్మా, ప్రార్థన చేసుకోనా?” అని అడుగుతుంది. వద్దంటే నొచ్చుకోదు. బైబిల్లో సిరియా సైన్యాధిపతి నయమానుకు కుష్ఠు ఉందని చూసి, ‘షోమ్రోనులో ఉన్న ప్రవక్త దగ్గరికి మా దొర వెళ్తే బాగుండును’ అని యజమానురాలితో చెప్పిన చెరపట్టిన పిల్ల గుర్తొస్తుంది నాకు. ఆ పిల్ల పేరు కూడా బైబిల్లో లేదు. అతని కథ ఆమె ఒక్క మాటతో మొదలైంది.

ఆ పిల్లలో నేను చూసేది ఇంకొకటుంది. ఆమె తనకంటే పైనున్నవాళ్ళతో చెప్పింది. బలవంతపెట్టే శక్తి ఆమెకు లేదు. సాక్ష్యానికి అదే సరైన చోటు అని నా గట్టి నమ్మకం. సమానంగా ఉన్నవాళ్ళతో చెప్పండి, పైనున్నవాళ్ళతో చెప్పండి. మన కింద పనిచేసేవాళ్ళతో మాత్రం చాలా జాగ్రత్త. మేనేజరు తన దగ్గర ప్రమోషను కోసం ఎదురుచూస్తున్న కుర్రాణ్ణి ఆదివారం చర్చికి రమ్మంటే, ఆ కుర్రాడు ‘సరే సార్’ అన్న మాటలో విశ్వాసం ఎంతో, భయం ఎంతో ఎవరు తూచగలరు? టీచరు క్లాసులో, డాక్టరు మంచం పక్కన, యజమాని పనిమనిషితో, అప్పిచ్చినవాడు అప్పు తీసుకున్నవాడితో ఇదే సంగతి. వాళ్ళంతట వాళ్ళు అడిగితే చెప్పండి. అడిగేదాకా ప్రేమగా చూసుకోండి, అంతే.

క్లౌ గురించి పొగిడేటప్పుడు మనం వదిలేసేది కూడా ఇదే. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని పెట్టాడు, కూలి ఇచ్చాడు. ఆ కాలంలో బాప్తిస్మం అడిగినవాళ్ళకు ఇవ్వలేదు. గంజి కోసం వస్తున్నారేమోనన్న అనుమానానికి తావివ్వకూడదని ఆపాడు. గుండ్లకమ్మ ఒడ్డున ఆ 2,222 మంది దిగింది ఆ ఎదురుచూపు తర్వాతే. ఇవాళ బియ్యం సంచీ మీద వాక్యం ముద్రించి, పంచుతూ ఫోటో తీసి పెట్టేవాళ్ళు ఈ ఒక్క సంగతి చదువుకుంటే బాగుంటుంది. ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెట్టండి, దాని మీద ఏమీ రాయకండి.

సాత్వికం, భయం అన్నాడు కదా పేతురు. సాత్వికం అంటే ఎదుటివాళ్ళ దేవుళ్ళను ఎగతాళి చేయకపోవడం. మన వేదికల మీదినుంచి కొందరు బోధకులు విగ్రహాల గురించి వెకిలిగా మాట్లాడి చప్పట్లు కొట్టించుకుంటున్నారు. ఆ వీడియోలు మన పొరుగువాళ్ళ ఫోన్లకు మనకంటే ముందే చేరుతున్నాయి. పౌలు ఏథెన్సులో విగ్రహాలను చూసి లోపల పరితపించాడు, నోరు తెరిచాక మాత్రం ‘మీరు అతిదేవతాభక్తి గలవాళ్ళని కనబడుతోంది’ అని మొదలుపెట్టి, వాళ్ళ కవి మాటనే చెప్పాడు. ఆ బోధకులకు ఎదురు చెప్పాల్సింది మనమే, మన సంఘంలోనే, వాళ్ళను పిలిచిన కమిటీని అడిగి. గుడి మెట్ల దగ్గర కరపత్రాలు పంచడం కూడా అలాంటిదే. ఒక మతం ప్రార్థనాస్థలం దగ్గర ఇంకో మతం ప్రచారం చేయకూడదని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో చట్టమే వచ్చింది. చట్టం లేకపోయినా చేయకూడని పని అది. మొక్కు తీర్చుకోవడానికి పిల్లలతో బయల్దేరిన మనిషి చేతిలో, ముక్కూ మొహం తెలియనివాళ్ళు కాగితం పెట్టి వెళ్ళిపోతే అతనికి అందేది కోపమే.

మరి ఏం చేయాలి? చాలా చిన్న పనులు. సోమవారం ఎవరైనా అడిగితే “చర్చికి వెళ్ళాను, బాగుంది” అని చెప్పండి. ఏం బాగుందని అడిగితే ఆ వారం విన్న వాక్యంలో మనసుకు తగిలింది రెండు వాక్యాల్లో, ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పండి. ‘రక్తములో కడుగబడితిని’ అంటే మనకు ప్రాణం లేచొస్తుంది, వినేవాళ్ళు బెదిరిపోతారు. స్నేహితురాలి తండ్రిని నిమ్స్‌లో చేర్చారని తెలిస్తే “మా ప్రార్థనలో పెడతాను” అని మెసేజీ పెట్టి మర్చిపోకండి. నిజంగా ప్రార్థించి, నాలుగు రోజులయ్యాక “నాన్నగారికెలా ఉంది?” అని అడగండి. స్నేహితులతో మెదక్ చర్చి చూడటానికి వెళ్తే, 1924లో ప్రతిష్ఠ జరిగిన ఆ గుడిలో రంగు అద్దాల కిటికీల ముందు అందరూ ఆగిపోతారు. ఆ బొమ్మల్లో ఏముందని అడుగుతారు. క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం అక్కడ వరుసగా ఉన్నాయి. గైడు చెప్తాడులే అని పక్కకు జరగకండి.

వాళ్ళు చెప్పేది కూడా వినండి. దీక్ష ఎందుకు తీసుకున్నావని అయ్యప్ప స్వామిని నిజంగా తెలుసుకోవాలని అడిగితే, తల్లి ఆపరేషను గురించో, మానలేకపోయిన తాగుడు గురించో చెప్తాడు. అంతసేపు మన మాట వినమని కోరుకునేవాళ్ళం అంతసేపు వినడం కూడా నేర్చుకోవాలి.

నాకు జరిగింది చెప్తాను. మా తమ్ముడు చిన్న వయసులోనే పోయాడు. అమ్మ తర్వాత నన్ను అంత నవ్వించిన మనిషి లేడు. ఆ రోజుల్లో నాకు ఏ ప్రసంగమూ అందలేదు. దేవుడి చిత్తం అన్నవాళ్ళ మీద కోపం వచ్చేది. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు ఏడ్చాడన్న ఒక్క చిన్న వచనం దగ్గర ఆగిపోయాను. మరి కాసేపట్లో లేపబోతున్నాడు, ఆ సంగతి ఆయనకు తెలుసు, అయినా ఏడ్చాడు. నా దేవుడు నాతో కూర్చుని ఏడుస్తాడని తెలిశాక బతకగలిగాను. ఇంతే నా సాక్ష్యం. మా పక్క ఫ్లాటు ఆంటీ వాళ్ళ అబ్బాయి ఔటర్ రింగురోడ్డు మీద యాక్సిడెంటులో పోయినప్పుడు, కర్మకాండలన్నీ అయి చుట్టాలు వెళ్ళిపోయాక, ఒక మధ్యాహ్నం ఆవిడ వంటింట్లో కూర్చుని అడిగారు, “నువ్వెట్లా తట్టుకున్నవమ్మా?” అని. పైన రాసిందే చెప్పాను. ఇద్దరం ఏడ్చాం. ఆవిడ అడిగితే లూకా సువార్త చిన్న పుస్తకం ఇచ్చాను.

ఆవిడ ఇవాళ్టికీ శుక్రవారం లక్ష్మీదేవికి దీపం పెడతారు, శ్రావణంలో నాకు వాయనం ఇస్తారు. ఆ పుస్తకం దిండు పక్కన ఉంటుంది. అప్పుడప్పుడు “మీ ఏసయ్యకు మా వాడి గురించి చెప్పవా” అంటారు. బిడ్డ పోయిన తల్లి కథ, నాయీనులో విధవరాలి కథ, ఎన్నిసార్లు చదివారో ఆ పేజీ అంచులు నలిగి ఉన్నాయి. ఆవిడ హృదయంలో ఏం జరుగుతోందో నాకు తెలియదు, అడగను కూడా. నేను ఆ మధ్యాహ్నం ‘కాలమే మాన్పుతుంది ఆంటీ’ అని ఊరుకుని ఉంటే, నాకు దొరికిన ఓదార్పును ఒక గోడ అవతల ఉన్న తల్లికి ఇవ్వకుండా దాచుకున్నదాన్ని అయ్యేదాన్ని.

స్నేహితుడికి ఇష్టముండదేమోనని మనమే ముందుగా నిర్ణయించేసుకుని ఊరుకోవడం గౌరవం అనుకుంటున్నాం. వినడానికీ, కాదనడానికీ అతనికి బుద్ధి ఉంది. లడ్డూ ఇస్తూ తన దర్శనం గురించి చెప్పినప్పుడు నేను నొచ్చుకుంటానని మా మేనేజరుగారు అనుకోలేదు. నన్ను తట్టుకోగల మనిషిగానే చూశారు. ఆ మర్యాద ఆయనకూ ఇద్దాం.

డిసెంబరు వస్తోంది. మన సంఘాలన్నీ పండుగకు ముందు జరిపే సెమీ క్రిస్మస్‌కు హాళ్ళు, లైట్లు, సౌండు, బయటి ఊరి నుంచి వచ్చే ప్రసంగీకుడు అని లెక్కలు వేసుకునే సమయం. మా సంఘంలో ఈసారి ఆ ఒక్క రాత్రి ఖర్చును ఇళ్ళకు పంచమని అడగబోతున్నాను. ఒక్కో కుటుంబం తమ అంతస్తులోవాళ్ళను భోజనానికి పిలవాలి, క్రిస్మస్ ఎందుకు చేసుకుంటామో ఇంట్లో ఒకరు ఐదు నిమిషాలు చెప్పాలి, ఒక పాట పాడాలి, తర్వాత తినాలి. మైకు వద్దు. పాస్టరుగారు ఇంకా అవుననలేదు, కమిటీలో ఇద్దరు పెద్దలకు ఇష్టం లేదు. వాళ్ళు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా మా ఇంట్లో మాత్రం 20వ తేదీ రాత్రి ఉంటుంది. మా అంతస్తులో రెండు కుటుంబాలు మాంసం ముట్టవు కాబట్టి ఆ పూటకు వంటంతా శాకాహారమే, కేకు కూడా గుడ్డు లేనిదే చెప్పాను. ఆంటీ పులిహోర తాను చేస్తానన్నారు.